రెండు తెరల మీద ఒకే రోడ్డు

గురజాల,
భాద్రపదం, సోమవారం.

మామయ్యకు వనజ నమస్కారాలు.

మాచర్ల మందిరంలో మొన్న మీరు మాట్లాడింది ఎవరో రికార్డు చేసి నాకు పంపారు. ఇక ఫోను ముట్టనని మైకు ముందే ఒట్టు పెట్టుకున్నారు గానీ, మీ గొంతు మాత్రం పల్నాడులో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. మీతో మాట్లాడాలంటే ఉత్తరం తప్ప దారి లేదు. సర్దార్ అన్న రాళ్ల లోడుకి లారీ తీసుకుని మాచర్ల వస్తున్నాడు. ఆయన చేతికిస్తున్నాను.

“మన సమాజం గదిలో, మన మందిరం గోడ పక్కన, నా సొంత మేనకోడలే ఆటల కొట్టు పెట్టుకుని కూచుంది! బంగారు లేడిని తెచ్చి ఇంట్లో కట్టేసుకున్నాం! పిల్లలకి కళ్లు పోతన్నయ్యి, బుద్ధి పోతంది. కార్తీక పౌర్ణమి సభలో ఆ గది సంగతి తేల్చాల్సిందే!” అన్నారు. మేనకోడలు అన్న చోట జనం కొట్టిన చప్పట్లు కూడా వినపడ్డాయి మామయ్యా.

గురజాల మందిరం పక్కనున్న నా గది మీ భజన సమాజానిదే. నాకు ఇంకో ఏడాది ఇవ్వాలా వద్దా అన్నది ఏటా పౌర్ణమి నాడు మాచర్ల సభలోనే తేలుతుంది. అక్కడ మీ మాటకి ఎదురుండదు. ఆ గది పోతే నాకు ఇంకోటి దొరకదు. ఆటల కొట్టు అనగానే తాళం చెవి లోపల పెట్టేసుకుంటున్నారు ఇక్కడ. నేనూ అమ్మా బతికేది ఆ పాత కంప్యూటర్ల మీదే. మీరు మాట్లాడిన మర్నాటి నుంచే సాయంత్రం కుర్చీలు సగం ఖాళీ.

కొట్టు తెరిచి మూడేళ్లు. మీరు ఏకాదశులకి వచ్చి పక్క మందిరంలో మాట్లాడి వెళ్లారే గానీ ఒక్కసారీ నా గడప తొక్కలేదు. వచ్చి కూర్చోండి. చూసి తిట్టండి. అప్పుడు నేనూ చప్పట్లు కొడతాను.

వనజ

*

మాచర్ల,
బుధవారం.

చి. సౌ. వనజను మామయ్య యల్లమంద దీవించి రాయునది.

నేను అన్నం ముందు కూర్చున్న వేళకి సర్దార్ వచ్చాడు. చేతులు ఎంగిలిగా ఉన్నాయని నీ ఉత్తరం మీ అత్తయ్య చదివింది. చదువుతూ రెండు చోట్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అమ్మాయ్, నేను బళ్లో కూర్చుని చదివినవాణ్ణి కాదు. నాపరాయి క్వారీలో పలకలు మోస్తూ, మధ్యాహ్నం సద్ది విప్పే వేళ ఆదెయ్య తాత పక్కన చేరి, గ్రంథం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. కూలీ చేతులతో పుట తిప్పితే దుమ్ము అంటుతుందని మోచేత్తో తిప్పేవాణ్ణి. అట్లా వచ్చిన చదువు నాది. అందుకే కళ్లంటే నాకు అంత పట్టింపు. దేవుడు కళ్లిచ్చింది అక్షరం చూడమని, తోటి మనిషి మొహం చూడమని. పొద్దుగూకులూ తెర ముందు కూర్చుని లేని శత్రువుని లేని తుపాకీతో కాల్చమని కాదు. ఆ లేడి వెంట పరిగెత్తినవాళ్లు తిరిగొచ్చేసరికి పర్ణశాల ఖాళీ అయింది. గ్రంథంలో ఉన్నది చెప్పాను. మేనకోడలని మినహాయించి చెప్పమంటావా? అప్పుడు అది ప్రవచనం అవదు, బంధుప్రీతి అవుతుంది.

అయినా పిలిచావు. చూడకుండా తిట్టాడన్న మాట నాకొద్దు. శనివారం సర్దార్ లారీలో వస్తున్నాను. కాఫీ పెట్టకు, టీ చాలు.

అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉంటే అది కోపం అనుకో.

యల్లమంద

*

గురజాల,
ఆదివారం.

మామయ్యా,

నిన్న, మా కొట్టుకి రోజూ వచ్చే కోటిబాబు లారీ నడిపే ఆట ఆడుతుంటే వెనక నిలబడి మీరన్న మాట అందరికీ గుచ్చుకుంది. “ఏందిరా ఇది? బండి ముందు నాలుగు గజాలు రోడ్డుంది, ఆ పైన పేడ అలికినట్టుంది. దేవుడేసిన రోడ్డు ఎంత దూరం పోయినా రోడ్డే. ఇదే మాయంటే. దగ్గరికి అందం, దూరానికి బురద!”

“రోడ్డు దేవుడెయ్యలేదు మావా, ఆర్ అండ్ బీ వాళ్లేశారు” అని కోటిబాబు అన్నాడు గానీ, మీరు వెళ్లాక వాడే, “వనజక్కా, ఆయన చెప్పింది నిజమేగా. ఇన్నాళ్లు ఆడతన్నా, ఆ బురద నేనెప్పుడూ చూడలా” అన్నాడు. వాడు ట్రాక్టర్ల మెకానిక్కు. ఒక లోపం కంటపడితే ఇక వదలడు.

ఈ పొద్దున కొట్టు తెరవక ముందు కూర్చుని పట్టుకున్నాను. తప్పు ఆటది కాదు, నాదే.

ఆటలో రోడ్డంటే ఒక బొమ్మ. తారు, తెల్ల చారలు, కంకర అన్నీ ఉన్న పలక లాంటి బొమ్మని నేల మీద పరుస్తారు. దాన్ని టెక్స్చర్ అంటారు. దగ్గర్లో అది నిండుగా ఉంటుంది. దూరానికి పోయేకొద్దీ ఏటవాలుగా నొక్కుకుపోయి, బారెడు రోడ్డు తెర మీద నాలుగు చుక్కల్లో ఇమడాలి. ఆ చుక్కలకి ఏ రంగు వెయ్యాలో సిస్టమ్ తేల్చుకునే పద్ధతి పేరు టెక్స్చర్ ఫిల్టరింగ్. తక్కువలో పెడితే నిలువుకీ అడ్డానికీ ఒకే లెక్క కట్టి మొత్తం పులిమేస్తుంది. మీరు చూసిన బురద అదే. ఎనిసోట్రోపిక్ అని ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని పదహారు మీద పెడితే రోడ్డు సాగిపోయే వైపున ఎక్కువ చోట్ల చూసి రంగు వేస్తుంది. చార చారగానే మిగులుతుంది.

మావి తెర మీద బొమ్మలు గీసే పాత గ్రాఫిక్స్ కార్డులు. ఏది పెంచినా ఆట నత్తినత్తిగా సాగుతుందన్న భయంతో కొట్టు పెట్టిన రోజే అన్ని సిస్టమ్‌లలో అన్నీ అడుక్కి దించేశాను. ఇవాళ ఒక్కొక్కటే పెంచి చూశాను. అన్నీ దించి ఉన్నప్పుడు సెకనుకి అరవై రెండు బొమ్మలు మారుతున్నాయి. ఫిల్టరింగ్ పదహారు చేస్తే అరవై. అంతే! అదే నీడల సెట్టింగ్ ఒక్క మెట్టు పెంచితే నలభై ఐదుకి పడిపోయింది. తినేది నీడలు, నేను మాడ్చింది రోడ్డుని. మూలనున్న కార్డు లేని సిస్టమ్ మాత్రం పదహారుకి ఆయాసపడింది, దానికి నాలుగు చాలన్నాను.

ఇంకోసారి రండి. మీరు తిట్టినందువల్లే బాగుపడింది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

వనజ

*

మాచర్ల,
ఆశ్వయుజం, గురువారం.

వనజకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. సగం అర్థమైంది, మిగతా సగం కూడా అబద్ధంలా లేదు.

అన్నీ మానేయడమే నియమం అనుకునేవాళ్లు మా సమాజంలోనూ ఉన్నారు. బొల్లాపల్లి వైపు ఒకతను ఉపవాసం పేరుతో మంచినీళ్లు కూడా మానేసి మిరప చేలో పడిపోతే, భుజాన మోసుకొచ్చింది నేనే. మోస్తూ దారి పొడుగునా తిట్టాను. “ఒరేయ్, నీళ్లు మానమని నీకెవరు చెప్పార్రా? మానాల్సింది కోపం. అది మాత్రం పుష్కలంగా ఉంచుకున్నావు!” నువ్వు నీ మిషన్లకి ఆ ఉపవాసమే పెట్టావు. బరువేదో, దాహమేదో చూసుకోకుండా అన్నీ కట్టేశావు.

అయితే వనజా, నేను మెత్తబడ్డానని అనుకోకు. బురద పోయిందని నువ్వంటే సరిపోదు. ఒక పని చెయ్యి. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టు. రెంటిలోనూ ఒకే ఆట, ఒకే రోడ్డు, బండి ఒకే చోట ఆపి ఉండాలి. ఒకదానికి పాత సెట్టింగ్, ఒకదానికి కొత్తది. ఏది ఏదో నాకు చెప్పకు. తేడా నా కంటితో పట్టుకుంటే, ఈ పిల్లకి వివేకం ఉంది, గది ఉంచండని పౌర్ణమి సభలో నేనే అంటాను. తేడా లేకపోతే, పేరు మార్చినా మాయ మాయేనని చెప్పి గది ఖాళీ చేయిస్తాను. నీ గదీ నా మాటా రెండూ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. సరేనా?

మంగళవారం వస్తాను.

యల్లమంద

*

గురజాల,
బుధవారం.

మామయ్యా,

ఈ ఉత్తరం అత్తయ్యతో చదివించుకోవద్దని మొదట రాసి కొట్టేశాను. ఆమె కాకపోతే ఇంకెవరు చదువుతారు మీకు?

నిన్న రెండు తెరల ముందు కూర్చుని చూసి, మీరు కుర్చీలో వెనక్కి వాలి, “రెండూ ఒకటే. ఇదీ బురదే, అదీ బురదే” అని లేచి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడుతున్నారు, పంతానికి పోతున్నారు అనుకున్నాను. వాకిట్లో నిలబడి ఉన్న సర్దార్ అన్న అక్కడి నుంచే, “ఎడమ చేతి దాంట్లో చారలు కొండ దాకా కనపడతన్నయ్యి గదమ్మా” అన్నాడు. కోటిబాబు అయితే, “ఏంది వనజక్కా, పెద్దమనిషి పట్టపగలు ఇట్టా అంటాడేంది!” అని కుర్చీ తన్నాడు.

తర్వాత బల్ల తుడవబోయాను. మీ టీ గ్లాసు కింద పగిలి ఉంది. మీరు విసిరికొట్టారేమో అనుకున్నాను. కాదు. గ్లాసు బల్ల మీద పెడుతున్నాననుకుని బల్ల దాటి, గాలిలో పెట్టారు. పగిలిన చప్పుడుకి మీరు ఉలిక్కిపడ్డారు కూడా. అప్పుడు నేను తెరల ధ్యాసలో ఉండి పట్టించుకోలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది.

అక్కడే కూర్చుని మీ ఉత్తరాలు తీసి చూస్తే ఒక వరుస మీదికి ఇంకో వరుస ఎక్కి ఉంది. ప్రవచనానికి ముందు సభలో ఎవరినో పిలిచి, గ్రంథంలో ఎక్కడైనా వేలు పెట్టమని, వేలు పెట్టిన చోటు నుంచే చదివి మొదలుపెట్టేవారు మీరు. ఆ పద్ధతి కోసమే నరసరావుపేట నుంచి కూడా వచ్చేవారు జనం. ఉగాది తర్వాత ఎవరినీ వేలు పెట్టమనలేదు. మీరే విప్పుతున్నారు, మీకు కంఠతా వచ్చిన ఘట్టమే చదువుతున్నారు. నిన్నటి దాకా నాకది తట్టలేదు.

తెర మీద దగ్గరి రోడ్డు పెద్దది, అది మీకు కనపడింది. దూరపు చారలు వెంట్రుకంత సన్నం. అందరికీ కనపడే ఆ తేడా మీకు కనపడలేదంటే, మీరు అబద్ధమాడలేదు మామయ్యా. మీకు కనపడింది కనపడినట్టు చెప్పారు.

నేను ఎవరితోనూ అనలేదు. అనను.

వనజ

*

మాచర్ల,
శుక్రవారం.

వనజకు,

నీ డబ్బాల ముందు గంటసేపు కూర్చోబెట్టి, కళ్లు మసకబార్చి, ఇప్పుడు నా కళ్లలో లోపమంటావా? పిల్లల కళ్లు పోతాయని నేను చెప్పిన దానికి నువ్వే సాక్ష్యం పలికావు. గ్రంథం నాకు కంఠస్థం. కంఠంలో ఉన్నదానికి కన్నెందుకు?

సభలో ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇక రాయకు.

యల్లమంద

*

గురజాల,
కార్తీకం, ఆదివారం.

మామయ్యా,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటి రాసి ఊరుకుంటాను.

కోటిబాబుకి సంగతి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. గ్లాసు ముక్కలు ఊడ్చింది వాడే, వాడే లెక్క కట్టుకున్నాడు. పౌర్ణమి సభకి వచ్చి, అందరి ముందూ గ్రంథంలో తనే వేలు పెట్టి, “ఇక్కడ చదువు మావా” అంటానన్నాడు. “ఆయన మన గది మూయిస్తంటే మనం నోరు మూసుకోవాల్నా అక్కా? ఒక్క నిమిషం పని. జనమే తేలుస్తారు” అన్నాడు.

ఒక్క నిమిషం పనే. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం గురించి నేను ఒక పూటంతా ఆలోచించాను. గది నాకు అంత అవసరం. తర్వాత వాణ్ణి పిలిచి, సభకి పోతే మళ్లీ నా కొట్టు గడప ఎక్కొద్దని చెప్పాను. అలిగి వెళ్లాడు. పోడు లెండి, మాటిచ్చాడు.

సభలో మీ ఇష్టమొచ్చింది చెప్పండి. గది పోతే పోతుంది, సిస్టమ్‌లు మా వంటగదిలో పెట్టుకుంటాం. కానీ నరసరావుపేటలో కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ అడిగి వచ్చాను. పొర అయితే తీసేస్తారట, మళ్లీ అక్షరం కనపడుతుందట. పొర కాకుండా ఇంకేదైనా అయితే మాత్రం ఒక్క నెల కూడా ఆలస్యం చేయకూడదన్నారు. ఏదన్నది చూస్తేనే తెలుస్తుంది. మీకు కోపం నా మీద ఉంటే నన్ను రావద్దనండి. అత్తయ్యని తీసుకుని వెళ్లండి.

వనజ

*

మాచర్ల,
పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి వనజకు మామయ్య దీవెనలు.

ఇది మీ అత్తయ్య చేత్తో రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. (అట్లాగే రాస్తున్నా. మధ్యలో నాకు అనాలనిపిస్తే అంటా అని కూడా చెప్పా. — అత్తయ్య లక్ష్మీతిరుపతమ్మ)

నిన్న సభ నిండింది. గది విషయం రాగానే కార్యదర్శి శివాజీ, “మామ చెప్పిందే మా మాట” అని మైకు నా చేతికిచ్చాడు. నిన్ను తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ముందు గ్రంథం విప్పాను. తెల్ల కాగితం మీద బూడిద చల్లినట్టుంది. ఎప్పుడూ ఉన్నట్టే. కానీ నిన్న మాత్రం, ఎవరైనా లేచి వేలు పెడతారేమోనని చూశాను. కోటిబాబు కోసం చూశాను. వాడు రాలేదు. రాకుండా ఆపింది ఎవరో నాకు తెలుసు. గ్రంథం మూసేశాను.

మయసభ కథ చెప్పాను. నేలేదో నీళ్లేవో తెలియక రారాజు తడబడ్డాడు, తడిసిపోయాడు. అది అంత పెద్ద సంగతేం కాదు. బట్టలు మార్చుకుంటే పోయేది. పైనుంచి ఒక నవ్వు వినపడింది, ఆ నవ్వుకి వంశాలు మాడిపోయాయి. “అయ్యలారా, అమ్మలారా! నేనూ అట్లాగే పడ్డాను. రెండు తెరల మీద తేడా కనపడక, లేదని చెప్పి వచ్చాను. చూసినవాళ్లు ఉన్నారు. నా మేనకోడలు నవ్వలేదు. నవ్వబోయినవాడి నోరు కూడా మూసింది. ఉగాది నుంచి నాకు అక్షరం కనపడటంలా. మీ ముందు పుటలు తిప్పింది నటన!” అన్నాను.

శివాజీ మొహం పాలిపోయిందని మీ అత్తయ్య చెబుతోంది. “మరి ఇన్నాళ్లు చదివిందేంది మామా?” అన్నాడు. “చదవలేదురా, వల్లించాను” అన్నాను. వెనక వరుసలో ఎవరో చప్పరించారు. ఎవరో లేచి వెళ్లారు కూడా. (ఇద్దరు వెళ్లారు. ఒకడు మళ్లీ వచ్చాడు, చెప్పులు మర్చిపోయి.)

“ఇప్పుడు తేల్చండి. కనపడక కనపడినట్టు నటించినవాణ్ణి బయటికి పంపుతారా, కనపడేట్టు చేసుకున్నదాన్ని పంపుతారా?” అని అడిగాను.  అప్పుడు కోటేశ్వరమ్మ పెద్దమ్మ, మా సమాజంలో అందరికన్నా పెద్దావిడ, తమలపాకు నములుతూ లేచింది. “పంపేదేందిరా పంపేది! కొట్టు కొట్టు కాడే ఉంటది. భజన వేళకి ఆ పిల్లని తలుపేసుకోమను. నువ్వు మాత్రం నరసరావుపేట పో. కళ్లు తెచ్చుకుని రా, మళ్లా మమ్మల్ని తిడుదువు గాని” అంది. జనం నవ్వారు. నేను కూడా నవ్వాను.

అట్లా నీ గది ఇంకో ఏడాది నీదే. నా మైకు మాత్రం శివాజీ దగ్గర ఉంది. కళ్లొచ్చేదాకా గ్రంథం వాడే చదువుతాడు. వాడు చదివితే ఒత్తులన్నీ మింగేస్తాడు. అది విని కూర్చోవడమే నాకు శిక్ష. సరిగ్గానే వేశారు.

ఆటలు మంచివని నేను అనలేదు, అది గుర్తుపెట్టుకో. నీ కొట్టు తలుపు అద్దం మీద ఉన్న ఆ పెద్ద తుపాకీ బొమ్మ తీసెయ్యి. కోటిబాబుని పిలిచి నేను అడిగానని చెప్పు.

బుధవారం పొద్దున గురజాల మీదుగా పోయే బస్సుకి నరసరావుపేట వెళ్తున్నాం. నీకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. క్వారీలో తలమీదికి రాయి జారినప్పుడు కూడా నేను వణకలేదు. కంటి మీద కత్తి పెడతారంటే నాకు భయంగా ఉంది. పొర కాదు, ఇంకేదో అంటారేమోనని ఇంకా భయంగా ఉంది. రాత్రిళ్లు చీకట్లో చెయ్యి మొహం ముందు పెట్టుకుని చూసుకుంటున్నాను. ఇది సభలో చెప్పలేదు. నువ్వు వస్తే బావుంటుంది.

యల్లమంద

(ఈ చివరి ముక్క నాతో కూడా ఎప్పుడూ అనలేదు వనజా. రాస్తుంటేనే తెలిసింది. ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకొస్తా, నువ్వు గురజాల బస్టాండులో ఎక్కు. చెరో చెయ్యీ పట్టుకుందాం.)